గొణుగుడు గీత

నా ఉద్యోగం చిన్నది.
కోర్టు కాగితం తీసుకెళ్ళి మనిషి చేతిలో పెట్టడం.
పుచ్చుకోకపోతే కాళ్ళ దగ్గర పెట్టి
అదేమిటో నోటితో చెప్పడం.
కాగితానికి పద్దెనిమిది పౌన్లు. బస్సు ఖర్చు నాదే.

నాటింగ్‌హామ్‌లో పాత లేసు బజారు వెనక సందు.
నాలుగో అంతస్తు, ఉత్తరపు కిటికీ.
ఎనిడ్ ఓల్డ్‌నో అక్కడే కూర్చుని
ముప్ఫై ఎనిమిదేళ్ళుగా
లేసులో తెగిన కన్నుల్ని మళ్ళీ అల్లుతోంది.
ఉత్తరపు వెలుతురు నీడ వెయ్యదు,
దాని ముందు దారం అబద్ధమాడలేదు, అంటుంది.

పక్క ఖాళీ జాగాలో తొమ్మిదంతస్తులు లేస్తున్నాయి.

కొలతలవాడొచ్చాడు.
బల్ల ఎత్తున ఎంత ఆకాశం అందుతుందో లెక్కగట్టి
గది పటం మీద పెన్సిలు గీత గీశాడు.
గీతకి ఇవతల మనిషి నోరెత్తడు,
అవతల గొణుగుతాడు.
దాన్ని గొణుగుడు గీత అంటారట, నవ్వకుండానే.
ఇప్పుడది పొయ్యి దగ్గరుంది.
తొమ్మిదో అంతస్తు పడితే
నడిచొచ్చి ఆమె ఒళ్ళో కూర్చుంటుంది.

"ఆరంతస్తులు లేచేదాకా ఏం చేస్తున్నారు?
నిద్రపోయినవాడికి ఈ కోర్టు దుప్పటి కప్పదు."
"ఉత్తరాలు రాశాను. పదకొండు.
క్రిస్మస్‌కి వాళ్ళో కార్డు పంపారు."

"వెలుతురుకి వెల చెప్పండి, చెక్కు రాసేస్తాం,"
అన్నాడు కంపెనీ లాయరు.
జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
చెక్కు ఎప్పుడైనా రాయొచ్చు,
లేచిన గోడని ఎవరు దించుతారు?
కుండ పగిలాక పెంకులు లెక్కపెట్టడం
చట్టానికి అలవాటే.
ఎత్తిన కర్రని గాల్లోనే పట్టుకోవడం
ఎప్పుడో గాని జరగదు.

ఈ తలుపు తట్టేవాళ్ళు
శుభ్రమైన చేతులతో రావాలని
లాయరు పాత మాట గుర్తుచేశాడు.
ఎనిడ్ తన చేతులు చూసుకుంది.
లేసు యంత్రం గ్రాఫైటు, గోళ్ళ వెంట నల్లగా,
ఏ సబ్బుకీ లొంగనిది.
వాటిని దాచలేదు. బల్ల మీదే ఉంచింది.

ఆఖర్న జడ్జిగారు అడిగింది:
తుది తీర్పులో మీరు ఓడితే,
ఈలోగా వాళ్ళకైన నష్టం భరిస్తారా?
పని ఆగిన ఒక్కరోజు ఖరీదు ఆమెకి ఏడాది సంపాదన.
"సరే," అంది.
వెనక బెంచీలో ఉన్నాను, విన్నాను.
సూదిలోకి దారం దూరినంత చప్పుడు.

మర్నాడు ఏడూ నలభై. వాన.
గేటు దగ్గర మేస్త్రీ ద్రాగోష్ ఉంగురియాను
మొదటి పేజీ చదివాడు.
ఒప్పుకోకపోతే జైలు అని లావు అక్షరాలు.
ఇంకోసారి చదివి, రేడియోలో ఒక్క మాటన్నాడు.
పైన ఒక గాజు పలక
ఊగి ఊగి
ఆగింది.
తర్వాత మెల్లగా దిగింది.
ఇరవై ముగ్గురు మనుషులూ దిగారు.

"ఇవాళ్టి కూలి?" అని నన్నడిగాడు.
కాగితం తిరగేశాను. నాలుగు పేజీలు.
ఎంత పొడవు, ఎంత ఎత్తు, ఏ తేదీ దాకా, అన్నీ ఉన్నాయి.
అది లేదు.
ఓ కుర్రాడు పేవ్‌మెంటు మీద కూర్చుని
మధ్యాహ్నం డబ్బా పొద్దున్నే విప్పాడు.

పైకి వెళ్ళి చెప్పడం నా పనిలో భాగం కాదు.
సాయంత్రం వెళ్ళాను.
ఆమె తలెత్తలేదు. "ఎంతమంది?"
"ఇరవై ముగ్గురు."
"ఇరవై మూడు," అంది, కుట్లు లెక్కపెట్టే గొంతుతో.
ఆ తర్వాత చాలాసేపు సూది కదల్లేదు.

నవంబరు. నాలుగింటికే చీకటి.
సూర్యుడు ఈ దావాలో ప్రతివాది కాడు.
ఆగినచోట ఎర్రదారం ముడేసి
లేసు మడతపెట్టింది. దీపం వెయ్యలేదు.
ఫిబ్రవరిలో పూర్తి విచారణ.

చేతికిచ్చినట్టు రుజువు పత్రం మీద నేను సంతకం చెయ్యాలి.
పొయ్యి దగ్గర నిలబడ్డాను, అక్షరాలు ఆనలేదు.
ఆమె పెన్సిలిచ్చింది.
కిటికీ దాకా జరిగి
కింద ఖాళీగా ఉన్న గేటు చూస్తూ
పేరు రాశాను.